మనసులో తప్పు

దర్జీ ఏ తప్పూ చేయలేదు. కొట్లో కాజాలు కుట్టే మరదలు, భార్య చెల్లెలు, సూదిలోకి దారం ఎక్కించడానికి తల వంచినప్పుడు ఆమె మెడ వైపు చూసేవాడు, అంతే. చూసి, చేతిలోనే ఉన్న కత్తెర కోసం వెతుక్కునేవాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. అతని భార్యకూ తెలియదు.

ఒక ఆదివారం చర్చిలో అయ్యగారు చెప్పారు: చెడ్డ చూపు చూసినవాడు మనసులో ఆ పాపం చేసేసినట్టే, దేవుడి దగ్గర రెండూ ఒకటే. ఆ మాట దర్జీకి ముల్లులా గుచ్చుకుంది. కొలతలు తప్పాడు, ఒక పెద్దమనిషి ప్యాంటు మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది.

చివరికి, భార్య చొక్కాలు ఇస్త్రీ చేస్తుండగా చెప్పేశాడు.

"దాన్ని ముట్టుకున్నావా?" అంది.

"లేదు."

"ఏమన్నా అన్నావా?"

"లేదే. ఒప్పుకుంటే భారం దిగుతుందని..."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నీ భారం దిగిందిలే. ఇప్పుడది నా నెత్తిన పడింది."

మర్నాడు మరదలు వచ్చేసరికి ఆమె కూర్చునే స్టూలు గుమ్మం బయట ఉంది. "ఇక రావద్దే, పని తగ్గింది," అంది అక్క, ముఖం చూడకుండా. లోపల కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. మరదలు వాటిని చూసింది, దర్జీని చూసింది.

"నేనేం చేశాను బావా?"

దర్జీ మెడలోని టేపు తీసి చుట్టాడు. విప్పి, మళ్లీ చుట్టాడు. ఆమె వెళ్లిపోయింది.

సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

"ఒప్పుకున్నావు నాయనా. శుద్ధుడివయ్యావు."

"నేను శుద్ధుణ్ణయ్యాను అయ్యగారూ, ఆ పిల్లకి కూడు పోయింది. చూసినందుకు ఎవరికీ ఏమీ కాలేదు. చూడ్డం, చేయడం రెండూ ఒకటేనంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మనసు అదుపులో పెట్టుకోమనే కదా ఆ మాట..." అని, చిన్నగా అన్నారు, "ఇంట్లో చెప్పమని నేననలేదు."

దర్జీ ఇంటికి వచ్చి, మరదలు తిరిగి రావాలనీ, తానే వేరేచోట కూలికి కుడతాననీ అన్నాడు. భార్య కాదనలేదు. ఇప్పుడు కొట్టు అక్కచెల్లెళ్లే నడుపుతున్నారు. అతను బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతున్నాడు.

ఒకరోజు ఇంటి తాళంచెవి కోసం కొట్టుకు వెళ్లాడు. అతన్ని చూడగానే మరదలు లేచి, అక్క వెనక్కి వెళ్లి నిలబడింది. అక్క ఆమెకు చెప్పేసిందని అప్పుడు అర్థమైంది. తాళంచెవి తీసుకుని, తల ఎత్తకుండా మెట్లు దిగాడు.