మూడో గోడ

థర్జా చేతిలోని మేజోడు అల్లిక జారి కింద పడింది. బయట నుంచి గోడను బర్మాతో తొలిచి వచ్చిన గుస్టావ్ మేస్త్రీ, దాని మొనకు అంటుకున్న బంకమట్టిని కిటికీలోంచి చూపించాడు.

"చూశారా అమ్మా? పట్టుమని జానెడు లోపలికి పోలేదు, మట్టే వచ్చింది. ఈ గోడ నిలవదు."

గోడ నిలవకపోతే ఇల్లు కూల్చాలి, థర్జా వెళ్లి ఊళ్లో ఉన్న తమ్ముడు ఒరిన్ ఇంట్లో, మరదలి చేతికింద బతకాలి. అదీ ఒప్పందం. మూడో గోడ మీద చెమ్మ కనబడ్డప్పటి నుంచీ ఒరిన్ అదే పాట పాడుతున్నాడు. ఇప్పుడూ వాకిట్లో మేస్త్రీ వెనకే నిలబడ్డాడు.

నలభై ఏళ్ల కిందట, ఎనిమిది గోడలైతే తక్కువ రాయితో ఎక్కువ చోటు వస్తుందని నాన్న పంతం పట్టాడు. విస్కాన్సిన్ అంతా నవ్వినా సరే, గులకరాళ్లూ సున్నమూ కలిపి, చెక్కల మధ్య పోసి కట్టేశాడు. బీరువా ఏ మూలనా ఇమడదు, నిజమే. అయితేనేం, ఎనిమిది పక్కలా కిటికీలు! పొద్దున కాఫీ నుంచి సాయంత్రం అల్లిక దాకా థర్జా కుర్చీ ఎండ వెంట గది నుంచి గదికి తిరుగుతూనే ఉంటుంది. నలుచదరపు ఇంట్లో కూర్చోమంటే ఆవిడ ప్రాణం ఏం కావాలి?

"ఏ గోడయ్యా అది?" అంది థర్జా.

"మూడోదే. గుమ్మానికి ఎదురుగా నిలబడి, గుమ్మం ఉన్న గోడ ఒకటి అనుకుని, కుడిచేతి వైపుగా లెక్కపెట్టాను."

"ఎక్కడ నిలబడి?"

"ఎక్కడేమిటి, బయట! వాకిట్లో."

థర్జా దిగ్గున లేచింది. "ఓరి నీ లెక్క మండిపోనూ! మా ఇంట్లో అందరం లోపల నిలబడి గుమ్మాన్ని చూస్తూ లెక్కపెడతాం. నీ మూడోది మాకు ఏడోది! అక్కడ ఒకప్పుడు పెరటి తలుపుండేదయ్యా. రొట్టెల మీద మంచు పడుతోందని అమ్మ పోరితే, నాన్న బంకమట్టీ గడ్డీ కూరి మూసేశాడు."

మేస్త్రీ బర్మా మొనను గీకి చూసుకున్నాడు. గడ్డిపోచలు ఉన్నాయి.

ముగ్గురూ అటు పక్కకు పరుగెత్తారు. అసలు మూడో గోడలో బర్మా వేలెడు కూడా దిగలేదు, టప్పున విరిగింది. "కొండండీ ఇది, కొండ!" అని కేకేశాడు మేస్త్రీ. చెమ్మకు కారణం పైకప్పు మీది వాననీటి తొట్టి గొట్టమట. అతుకు వదులైందట, గంట పనేనట.

"హమ్మయ్య!" అంటూ థర్జా తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, ఏడుపొస్తోందా? నీ ముచ్చట తీరలేదుగా!"

ఒరిన్ గడ్డిలో చతికిలబడి టోపీతో మొహం తుడుచుకుంటున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు.

"ముచ్చటేమిటే అక్కా! గోడ నీ మీద కూలుతుందని హడలి చచ్చాను. ఇదిగో, ఇక కూల్చక తప్పదని నా నోటితో చెప్పాల్సి వస్తుందని రెండు రోజులుగా ముద్ద దిగలేదు. నేనూ పుట్టింది ఇక్కడే కదే."

థర్జా వాడి చెయ్యి పట్టి లేపింది. "లోపలికి రా. ముందు తిందువుగాని," అంది.