ఒంటిపక్క ఫుజీ

ఊరి ఫొటో అచ్చేసిన పాత పోస్టుకార్డును ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని, తొకుజిరో సముద్రాన్ని వదిలేసి కొండ భుజం చూశాడు. అలలు ఎక్కడైనా ఒకటే. కొండ భుజం మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే.

"కగోషిమా" అని గొణిగి, దక్షిణాది డబ్బాలో వేశాడు.

జపానులో ప్రతి ఊరికీ ఒక ఫుజీ కొండ కావాలి. వెనకాల కాస్త కోసుగా కొండ కనబడితే చాలు, ఇది మా ఫుజీ అనేస్తారు. ఏ ఫుజీ ఎవరిదో తేల్చడమే టోక్యోలో కాందా పేటలోని పాత కాగితాల కొట్టులో తొకుజిరో కొలువు. మీసాలు రాకముందు చేరాడు, ఇప్పుడవి నెరిసిపోయాయి. మోచేతుల దగ్గర నునుపెక్కిన నల్ల కోటు, దారం చుట్టిన కళ్లద్దాల కాడ, దుమ్ము పట్టిన గోళ్లు. టోక్యో దాటి ఎరగడు.

కార్డులు అచ్చేసినవాళ్లు కొండకు పేరు వేశారు, జలపాతానికి వేశారు, వంతెనకూ వేశారు. వంతెన మీద నిలబెట్టిన పిల్లకు మాత్రం వెయ్యలేదు. వాళ్ల లెక్కలో ఆ పిల్ల ఒక కొలబద్ద. వంతెన ఎంత పొడుగో జనానికి తెలియాలి కదా!

అలాంటి కొలబద్ద ఒకటి తొకుజిరో చొక్కా జేబులో ఉంది. ఆ కార్డులోని పిల్ల అతని భార్య ఇతొ వాళ్ల అమ్మ. నూలుమిల్లులో దగ్గిదగ్గి చచ్చిపోతూ కూతురికి వదిలింది ఆ కార్డొక్కటే. తాయెత్తు సంచిలో పట్టాలని, ఊరి పేరున్న అంచును ఎవరో కత్తిరించేశారు. మిగిలింది కొండ, నది, వంతెన మీద పిల్ల. ఛాతీ మీద ఒకదానిపై ఒకటి వేసే రెండు అంచుల్లో, ఆ పిల్ల కిమోనోకు కుడి అంచు పైకి ఉంది. బతికున్నవాళ్లు ఎడమ అంచు పైకి వేసుకుంటారు. కుడి అంచు పైకి కట్టేది శవానికే.

"మీ అమ్మకు చావు ముందే తెలిసిందే, ఎలా కట్టుకుందో చూడు" అని అనాథాశ్రమం ఆయా పసితనంలోనే చెప్పింది. అప్పట్నుంచి ఇతొ ఆ కార్డులో తల్లిని చూడదు, కొండనే చూస్తుంది. తొకుజిరో కూడా కొండనే చూశాడు. అలాంటి భుజమున్న ఫుజీ ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు ఇతొ ఆసుపత్రిలో ఉంది. ఇక ఇంటికి రాదు.

"ఊళ్లన్నీ తేల్చావు. నేను ఏ ఊరిదాన్నో చెప్పవయ్యా. అక్కడికి పోయాక అడిగితే ఏం చెప్పను?" అంది నిన్న.

"అక్కడెవరడుగుతారే?"

"మా అమ్మ."

కొట్టు యజమానురాలు ఒకీనొ గొంతు పెద్దది. "తొకూ! ఇటు రా, దెయ్యాల వనభోజనం చూద్దువుగాని!" అని కేకేసింది.

ఆమె చేతిలోని కార్డులో చెర్రీ పూల కింద జనం. ముసలాళ్లు, పిల్లలు, సారా సీసాలు. ప్రతి ఒక్కరికీ కుడి అంచే పైకి.

"శవాలు తాగి చిందులేస్తున్నాయయ్యా! ఫొటో గాజుపలక తిరగేసి, కుడిని ఎడమ చేసి అచ్చేశారు, వెధవలు!"

తిరగబడిన బొమ్మలు తొకుజిరోకు కొత్త కాదు. బోర్డు మీద అక్షరాలు తిరగబడితే ఇట్టే పట్టేస్తాడు. జేబులోని కార్డులో అక్షరాలు లేవు, శకునం ఉంది. శకునాన్ని ఎవడు తిరగేసి చూస్తాడు?

వెనకాల చేతులు కడిగే తొట్టి పైనున్న అద్దం ముందు నిలబడి, జేబులో కార్డు తీసి పట్టాడు. కుడివైపు నున్నగా, దీర్ఘంగా దిగిన వాలు. ఎడమవైపు విరిగిన గట్లు. మొరియోకా వాళ్ల కొండ, వాళ్లు ఒంటిపక్క ఫుజీ అని పిలుచుకునేది. ఎన్నిసార్లు ఉత్తరాది డబ్బాలో వేశాడో! అంత కొండా నడిచొచ్చి ఆ గోడలో కూర్చున్నట్టుంది.

"అమ్మగారూ, ఊరు దొరికింది."

ఒకీనొకు ఇతొ సంగతి తెలుసు. "ఇంకా నిలబడ్డావేం? పో!"

ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ చేతి అద్దం అడిగి తీసుకుని, ఇతొ ముఖం ముందు కార్డునూ అద్దాన్నీ పట్టుకున్నాడు.

"మొరియోకానే! మీది ఉత్తరాది. బొమ్మ తిరగేసి అచ్చేశారు."

ఇతొ కొండను చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తల్లిని చూసింది.

"ఎడమ అంచే పైకుంది" అంది.

"ఆఁ."

"ఎంత చక్కగా కట్టుకుందయ్యా! మెడ దగ్గర ఒక్క ముడత లేదు." వేలితో అద్దాన్ని తాకింది. "చిన్నపిల్ల. నవ్వు ఆపుకుంటోంది చూడు."

"కొండను చూడవే, ఇన్నేళ్లు వెతికాను!"

"కొండెక్కడికి పోద్ది? ఉండు."

తొకుజిరో ఉన్నాడు. ఇతొ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని, లేచాక మళ్లీ చూస్తుందని, చేతులు పీకుతున్నా అద్దం దించలేదు. పక్క మంచం ఆవిడే మెల్లగా లేచొచ్చి, చూసి, చేతులు జోడించింది.

సాయంత్రం నర్సులు ఇతొకు తెల్ల కిమోనో తొడిగి, కుడి అంచు పైకి వేశారు. ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. ఈసారి అది సరైన తీరే.

ఆమెను తీసుకెళ్లాక మంచం మీద అద్దం ఒక్కటే మిగిలింది. అందులో కిటికీ, కాస్త ఆకాశం, ఆ తల్లి మెడ కనబడిన చోట ఒక వేలిముద్ర.