కొత్త ఇనుముకు ఆముదం

నేను ఒక బ్రేకు ప్యాడ్‌ని. అరచేతిలో ఇమిడిపోతాను. వెనక ఇనప పలక, ముందు నల్లటి గరుకు పొర. మాడిన రొట్టెముక్కలా ఉన్నానని ఒకాయన అన్నాడు. ఉన్నమాటే కదా అని ఊరుకున్నాను. అలాగని నన్ను తీసిపారెయ్యకండి. రెండే రెండు సీట్లుండి, కడుపు నేలకు తగులుతుందేమో అన్నట్టు పాకుతూ, వీధిలోకొస్తే జనం ఫోన్లెత్తి ఫోటోలు తీసుకునే కార్లుంటాయే, అలాంటి కారు కోసం పుట్టాను. కారు పేరు మాత్రం చెప్పను. గొప్పలు పోతున్నానంటారు.

మనుషుల విషయంలో నాకొక సందేహం ఎప్పుడూ తీరలేదు. అలాంటి కారు కొనడానికొచ్చిన ప్రతివాడూ "ఎంత స్పీడు పోతుంది?" అని అడుగుతాడు. "ఎంతలో ఆగుతుంది?" అని అడిగిన పుణ్యాత్ముణ్ణి నేనింతవరకు చూడలేదు. పోవడం ఒక్కటే పని అయితే కొండమీంచి దొర్లే బండరాయి కూడా పోతుంది. కావలసిన చోట ఆగాలంటేనే నాలాంటిది ఒకటి ఉండాలి.

నన్ను చేసింది ఒక చలిదేశపు ఫ్యాక్టరీలో. రాగి పొడి, బొగ్గు పొడి, జిగురు, ఇంకా పేరు తెలియని దినుసులు కొన్ని కలిపి, అచ్చులో వేసి నొక్కి, కొలిమిలో కాల్చారు. ఆవకాయ కలపడానికీ దీనికీ పెద్ద తేడా లేదని ఈ దేశం వచ్చాక తెలిసింది. పాళ్లు తప్పితే రెండూ పాడే. నాతోపాటు ఇంకో ముగ్గురు తోబుట్టువుల్ని ఒకే పెట్టెలో పెట్టారు. ముందు చక్రాలకు చెరో ఇద్దరం అన్నమాట.

ఓడలో వచ్చి చెన్నైలో ఒక కొట్టు అటకెక్కాం. అక్కడ ఒకసారి అమ్ముడుపోయాం కూడా. ఒక పెద్దమనిషి తాలూకు డ్రైవరు వచ్చి కొనుక్కెళ్లి, మర్నాడే వెనక్కి తెచ్చాడు. ఆ పెద్దమనిషి కారు అమ్మేశాడట, డాక్టరు చెప్పాడని సైకిలు తొక్కుతున్నాడట. మళ్లీ అటకే గతి. రోడ్డు ఎలా ఉంటుందో, చక్రం తిరిగితే ఎలా ఉంటుందో, దాన్ని పట్టుకుని ఆపడమంటే ఏమిటో తెలుసుకోవాలని నాకు ప్రాణం లాగేసేది.

చివరికి భీమవరం నుంచి మీరావలి అనే మెకానిక్కు ఫోన్ చేశాడు. నా ఫోటో అడిగాడు. పొడుగు, వెడల్పు, మందం అడిగాడు. ఇనప పలకకు చెవులు ఎటువైపు ఉన్నాయో అడిగాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలుండవు. అంతకుముందు ఆయన ఇంకెక్కడినుంచో తెప్పించిన సెట్టు చూడ్డానికి అచ్చం సరిపోయేలా ఉండి, తీరా బిగించబోతే చోటులో కూర్చోలేదట. అదే కారు, అదే పేరు, తయారైన ఏడాది మాత్రం వేరు. అందుకే ఈసారి అంత జాగ్రత్త.

బస్సు పార్సిల్లో బయల్దేరాం. నా పక్కన రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరియేటరు మోటారు ఒకటుంది. "నువ్వేం చేస్తావు?" అని అడిగింది. తిరిగేదాన్ని ఆపుతానన్నాను. తను తిప్పుతానంది. అంతటితో మా మాటలు ఆగిపోయాయి.

మేమెవరి కోసం వెళ్తున్నామో చెప్పాలి. ఆయన పేరు అచ్యుతరామరాజు. భీమవరం దగ్గర పల్లెలో రొయ్యల రైతు. రొయ్యలు కలిసొచ్చిన ఏడాది హైదరాబాదులో ఎవరో వాడిన ఈ కారు కొని తెచ్చుకున్నారు. ఆ ఊరి రోడ్డు చూస్తే మీరు నవ్వుతారు. ఒకవైపు కాలువ, ఒకవైపు చెరువులు, మధ్య సన్నటి గట్టు, ప్రతి ఇంటిముందూ ఒక స్పీడుబ్రేకరు. గాలితో పందెం కట్టే కారును ఆయన ఆ గట్టుమీద గడ్డి బండ్ల వెనక నడిపించేవారు. అయినా సంతోషంగానే ఉండేవారు. ఎందుకంటే సాయంత్రమైతే రెండో సీట్లో ఆయన భార్య చంద్రమతిగారు కూర్చునేవారు. ఇద్దరూ గట్టు చివరిదాకా వెళ్లి, గాలి పీల్చుకుని, మిరపకాయ బజ్జీలు తిని వచ్చేవారు.

అలా ఉండగా, నాకంటే ముందు ఆ కారులో పనిచేస్తున్న ప్యాడ్లు అరిగిపోయి, బ్రేకు వేస్తే కీచుమనడం మొదలుపెట్టాయి. అరిగానని చెప్పడానికే మేం అరుస్తాం. రాజుగారు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. "ఖరీదైన కారు కదండీ, అరుపు కూడా దర్జాగానే ఉంటది" అని కనబడినవాళ్లందరికీ చెప్పేవారట.

చంద్రమతిగారికి మాత్రం ఆ అరుపు గుండెల్లో గుచ్చుకుంది. చిన్నతనంలో తండ్రి నడిపే అంబాసిడరు బ్రేకు పడక కాలువలోకి దిగిపోయింది. అందరూ బతికారు. కానీ కిటికీ అద్దం అంచుదాకా వచ్చిన ఎర్రటి నీళ్లు ఆవిడ కళ్లముందు నుంచి పోలేదు. ఒక సాయంత్రం సంత దగ్గర కారు ఆపించి దిగిపోయారు. "ఇది అరుస్తోందండీ. దీన్ని బాగుచేయించేదాకా నేనెక్కను" అని ఆటోలో ఇంటికెళ్లిపోయారు. ఆ తర్వాత రెండో సీట్లో రొయ్యల మేత సంచి కూర్చుంది. రాజుగారు బజ్జీలు పొట్లం కట్టించి తెచ్చేవారు. ఇంటికి చేరేసరికి మెత్తబడిపోయేవి. ఆవిడ తినేవారు, కారు మాత్రం ఎక్కలేదు.

"ఏమయ్యా వలీ, ఎక్కడినుంచైనా తెప్పించు. ఆవిడ మళ్లీ ఎక్కాలయ్యా" అని రాజుగారు బతిమాలుకున్నారు. నా ప్రయాణమంతా ఆ ఒక్క మాట కోసం. ఇదంతా తర్వాత వలీ షెడ్డులో, విప్పేసిన పాత ప్యాడు నా పక్కన పడున్నప్పుడు చెప్పింది.

మేం శుక్రవారం పొద్దున బస్సు దిగాం. నమాజు చేసుకొచ్చాక బిగిస్తానని వలీ అనడంతో రాజుగారు పెట్టెను ఇంట్లో పెట్టి చెరువుల మీదికెళ్లారు. చంద్రమతిగారు పెట్టె విప్పి నన్ను చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. కాలువకూ మొగుడికీ మధ్య అడ్డుండేది ఇదేనా అన్నట్టు చూశారు.

ఆవిడ పుట్టింట్లో ఒక పద్ధతుంది. కొత్త పెనం గానీ, కత్తిపీట గానీ, గునపం గానీ, ఏ కొత్త ఇనుము ఇంటికొచ్చినా ముందు ఆముదం రాయాలి. "కొత్త ఇనుము పొగరుబోతే. ఆముదం తాగితే మాట వింటది" అని ఆవిడ నాయనమ్మ చెప్పేదట. చంద్రమతిగారు గిన్నెలో ఆముదం గోరువెచ్చగా చేసుకొచ్చి మా నలుగురికీ ఒళ్లంతా పట్టించారు. చంటిపిల్లలకు నలుగు పెట్టినంత ఓపికగా రాశారు. ముఖ్యంగా ఆ గరుకు వైపు. అది గరుగ్గా ఉందని ఆవిడకు జాలి. కాసేపు నాననిచ్చి, పాత పంచెగుడ్డతో తళతళలాడేలా తుడిచి, వీపున కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చారు. "ఆయన్ని ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపండి నాయనా" అని దండం పెట్టారు.

యంత్రాలూ చేతి తొడుగులూ తప్ప నన్ను ఎవరూ అలా ముట్టుకోలేదు. నాకెంతో హాయిగా అనిపించింది. కానీ నూనె నాలోకి ఇంకుతున్నకొద్దీ భయం కూడా పట్టుకుంది. పట్టుకుని ఉండటం నా పని. నూనె తాగినవాడు దేన్ని పట్టుకోగలడు? చెప్పడానికి నోరు లేకపోయింది.

మధ్యాహ్నం వలీ చక్రాలు విప్పాడు. నా వీపున బొట్టు చూసి నవ్వాడు. "మా ఆవిడ పెట్టిందయ్యా" అన్నారు రాజుగారు, కాస్త గర్వంగానే. "ఉండనివ్వండి, వెనకవైపే కదండి" అని వలీ దాన్ని చెరపకుండానే బిగించాడు. ముందువైపు నలుపు నలుపులోనే కలిసిపోయి ఆముదం కనబడలేదు. షెడ్డు ముందు నెమ్మదిగా నడిపి చూస్తే కారు ఆగింది, కానీ బద్ధకంగా ఆగింది. "కొత్తవి కదండి, పట్టు కుదరడానికి టైం పడతది. రెండ్రోజులు నెమ్మదిగా పోనివ్వండి" అన్నాడు.

రాజుగారి చెవికి "రెండ్రోజులు" వినబడిందేమో గానీ "నెమ్మదిగా" వినబడలేదు. ఎలా వినబడుతుంది? కారు గట్టెక్కేసరికి, దూరంగా ఇంటి గేటు దగ్గర చంద్రమతిగారు కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఎక్కడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. యాక్సిలరేటరు మీద ఆయన కాలు దానంతటదే నొక్కుకుపోయింది.

సరిగ్గా అప్పుడే బాతుల మంద గట్టు దాటడం మొదలుపెట్టింది.

రాజుగారు బ్రేకు తొక్కారు. ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన క్షణం అది. చక్రంతోపాటు తిరిగే డిస్కును గట్టిగా పట్టుకోబోయాను, జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ జారింది. పక్కన తోబుట్టువులవీ అవే పాట్లు. ఒళ్లు కాలిపోతోంది, ఆముదం పొగ కమ్మేస్తోంది. బాతులు గోలగోలగా కాలువలోకి ఎగిరాయి. రాజుగారు స్టీరింగు తిప్పేశారు. కారు గట్టుమీది గడ్డిమేటులోకి ముక్కు దూర్చింది. పైపై నూనె కాలిపోయి నాకు చివర్లో కాస్త పట్టు చిక్కింది. ఆగాం. ఒక చక్రం గట్టు అంచున ఉంది, కింద నీళ్లు.

"నా బాతులండీ బాబో!" అంటూ పరిగెత్తుకొచ్చిన బాతులవాడు లోపలికి చూసి, "రాజుగారూ, దెబ్బేం తగల్లేదు కదండీ?" అన్నాడు. చంద్రమతిగారు చెప్పులు కూడా లేకుండా వచ్చి ఆయన తల, చేతులు తడిమి చూసుకున్నారు. తర్వాత కారు వైపు తిరిగారు. "ఇంక ఇది మనింట్లో ఉండటానికి వీల్లేదు" అన్నారు.

వలీ బండిమీద వచ్చి, చక్రం విప్పి, పటకారుతో నన్ను బయటికి లాగాడు. అప్పటికే ఊళ్లో సగం మంది గట్టుమీదున్నారు. "డూప్లికేటు సరుకు అంటగట్టావేంటయ్యా?" అని రాజుగారు అరిచారు. వలీ నన్ను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకు వెంటనే తెలిసిపోయింది. ఒకసారి నా వీపు మీది బొట్టు వైపు, ఒకసారి చంద్రమతిగారి వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"సరుకు మంచిది కాదండి రాజుగారూ. చూసుకోకపోవడం నాదే తప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను మంచి సరుకును కానా? ఆవిడను కాపాడదామని ఆయన తన మీద వేసుకున్నాడు, నిజమే. మధ్యలో నా పరువు తీశాడు! చెన్నై అటకమీద పడున్నా బాగుండేదనిపించింది.

చంద్రమతిగారు చెయ్యి చాపారు. "అదిలా ఇయ్యి" అన్నారు. ఇంకా వేడిగా ఉన్న నన్ను కొంగుతో పట్టుకుని వాసన చూశారు. ఆవిడ వంటింట్లో పుట్టి పెరిగిన వాసన అది.

"ఇది ఆముదం. పొద్దున నేనే రాశాను." వలీ వైపు తిరిగారు. "నిజం చెప్పు వలీ. తప్పు సరుకుదా, నా చేతిదా?"

వలీ నా గరుకు వైపు చూపించాడు. "నూనె పీల్చిందండి అమ్మగారూ. నూనె తగిలితే ఇది పట్టుకోలేదండి."

"ఆముదం రాయకపోతే ఆగేదా?"

"బాతులదాకా కూడా పోయేది కాదండి."

ఆవిడ గట్టుమీద కూలబడి, "నా చేత్తో నేనే..." అని ఏడ్చేశారు. రాజుగారి మొహం ఆముదం తాగినట్టయింది. వచ్చి ఆవిడ పక్కన మట్టిలోనే కూర్చున్నారు. "ఎవరి కోసం రాశావే? నాకోసమే కదా" అన్నారు. అంతమందిలో ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆ ఊళ్లో అది చిన్న విషయం కాదు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచారు. "అయితే కారు తప్పేం లేదన్నమాట. కొత్తవి తెప్పించు వలీ" అన్నారు. ఆ మాట మీద నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. వలీ అబద్ధం నిలబడి ఉంటే ఆవిడ పేరు నిలబడేది గానీ, ఏ బ్రేకునూ జన్మలో నమ్మేవారు కాదు. పదిమందిలో తప్పు ఒప్పుకున్నాకే ఆవిడ భయానికి ఒక కారణం దొరికింది. కారణం దొరికిన భయానికి మందు ఉంటుంది.

నేనిప్పుడు వలీ షెడ్డు గేటు పక్కన పాత ఇనుము డబ్బాలో ఉంటున్నాను. నూనె పీల్చిన ప్యాడు మళ్లీ పనికిరాదు. బాధ లేదా అంటే ఉంది. ఒక్కసారి బ్రేకు వెయ్యడానికి సముద్రాలు దాటి వచ్చాను, అదీ సరిగ్గా చెయ్యనివ్వలేదు. కానీ నీళ్ల అంచున ఆగాను కదా అని సర్దిచెప్పుకుంటాను.

మొన్న కొత్త సెట్టు వచ్చింది. వలీ రాజుగారితో పాటు చంద్రమతిగారిని కూడా రమ్మని కబురంపాడు. కొత్త ప్యాడు చూపించి, "బొట్టు ఇక్కడ పెట్టండి అమ్మగారూ" అని వీపు వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆవిడ మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, వేలి కొసతో చిన్న బొట్టు పెట్టారు. బిగించడం అయ్యేదాకా పక్కనే నిలబడి చూశారు. వలీ కారును అటూ ఇటూ తిప్పి, గట్టిగా ఆపి చూపించాడు. ఆవిడ తలుపు తీసి రెండో సీట్లో కూర్చున్నారు.

కారు గేటు దాటుతూనే నత్తనడక పట్టింది. వెనక వచ్చిన గడ్డి ట్రాక్టరు హారన్ కొట్టి మరీ దాటిపోయింది. అద్దం దించి ఉండటంతో వాళ్ల మాటలు నాకు వినబడ్డాయి.

"ట్రాక్టరు కూడా మనల్ని దాటేసిందండీ. కాస్త పోనివ్వండి. బ్రేకు బాగానే పడుతోందిగా?"

"పడుతోంది" అన్నారు రాజుగారు, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "ఒక్కణ్ణే ఉన్నప్పుడు నాకు భయం తెలిసేది కాదు. ఇప్పుడు పక్కన నువ్వున్నావు."