బాలింతలు ఆపిన తీర్మానం

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు, రేణిగుంట పక్కన మా పంచాయతీ బోర్డుకు పొదుపు గుర్తుకొచ్చింది. ప్రెసిడెంటు వాకిట్లో బంట్రోతులను తగ్గించలేదు. కాన్పులు చేసే నర్సు సంతోషమ్మ ఉద్యోగం తీసేస్తామన్నారు. మూడూళ్ల ఆడోళ్లకు ఆమె తప్ప దిక్కు లేదు.

ఆ మాట పుట్టింది బోర్డులో కాదు, బియ్యం మిల్లు ఆదిమూలం ఇంట్లో. ఆయన అల్లుడు డాక్టరు చదివొచ్చి కొత్తగా ఆస్పత్రి పెట్టినాడు. ఊరికే కాన్పు చేసే మనిషి ఉంటే ఆడికి ఎవురు పోతారు? ఆదిమూలం మెంబరు కాదు. అయినా మీటింగులో ప్రెసిడెంటు తిరుమలయ్య పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఇదేమని నేనడిగితే "నువ్వు మెంబరు కాదు, బయటుండప్పా" అన్నారు. గుమ్మంలో నిలబడినాను.

"బడ్జెట్ ఈ సాయంత్రం టపాలో పైఆఫీసుకు పోవాల. సర్కారు సొమ్ము జాగర్తగా వాడాల," అన్నాడు తిరుమలయ్య.

"ఎవురి కోసమప్పా జాగర్త? మీ పక్కన కూర్చున్నాయన కోసమా?" అన్నాను.

"వీడి నోరు మూయించేదానికి ఒక ఉద్యోగం పెట్టల్ల," అన్నాడు ఆదిమూలం. అందరూ నవ్వినారు.

అప్పుడొచ్చినారు ఆడోళ్లు. ముందర గురవమ్మ, ఐదు రోజుల బిడ్డను పొదువుకొని. వెనక తాయమ్మ, అమీనా బీ, ఇంకో నలుగురు. అందరూ పురుడు తీరని బాలింతలే. నన్ను పక్కకు తోసి లోపలికి పోయినారు.

"ఏమ్మే, మైలతో ఈడికొస్తారా?" తిరుమలయ్య లేచి గోడకు అతుక్కున్నాడు.

"సంతోషమ్మ మైలని చూసిందా సామీ? ఒకసారి ఎత్తుకోండి, ఆమె చేతిపని ఎట్లుండాదో తెలుస్తుంది," అని గురవమ్మ బిడ్డను చాపింది.

మెంబర్లంతా మర్నాడు కొండెక్కాల్సినోళ్లు. అలిపిరి దాకా బస్సు పెట్టింది ఆదిమూలమే. బాలింత తగిలితే మొక్కు చెడుతుందని ఒకడు కిటికీ దూకినాడు, ఒకడు చెప్పులు వదిలేసి పరిగెత్తినాడు. తొమ్మిది మందిలో ఇద్దరు మిగిలినారు. సగం మందయినా లేకుంటే తీర్మానం చెల్లదు.

"రండప్పా, తలకు పోసుకుంటే పోతుంది!" అని వీధిలోకి అరిచినాడు ఆదిమూలం.

"ముందు నువ్వెత్తుకో!" అని ఎవరో బదులిచ్చినారు. ఆయనా ఎత్తుకోలేదు.

టపా టైమయింది. కొత్త తీర్మానం లేనందున గుమాస్తా పోయినేటి బడ్జెట్ పట్టికనే, సంతోషమ్మ ఉద్యోగంతో సహా, కవర్లో పెట్టి అంటించినాడు.

సంగతి తెలిసి సంతోషమ్మ ఉరుకులమీద వచ్చింది. మెచ్చుకుంటుందని ఆడోళ్లు నవ్వుతా నిలబడినారు.

"పచ్చి ఒళ్లతో ఇంత దూరం నడిచొస్తారా? జ్వరమొస్తే ఎవురు చూస్తారు?"

"నువ్వుండావు కదక్కా," అనింది అమీనా బీ.

సంతోషమ్మ గురవమ్మ చేతిలో బిడ్డను అందుకొని నీడకు నడిచి, నాపక్క తిరిగి కసిరింది:

"చూస్తా నిలబడితే ఎట్లప్పా? పోయి జట్కా పిల్చుకురా!"