మా ఆయన దేహశుద్ధి

మా ఆయన క్రేన్ ఆపరేటరు. పెద్ద భవనం ఎక్కడ లేస్తుంటే అక్కడ, ఆకాశంలో ఓ అద్దాల గదిలో కూర్చుని ఇనుప కడ్డీల కట్టలు పైకి లాగుతుంటాడు. పొద్దున నిచ్చెన ఎక్కితే మళ్లీ భోజనానికే దిగడం. మధ్యలో దిగితే కింద పని ఆగిపోతుంది, సూపర్‌వైజరు మొహం మాడ్చుకుంటాడు. అందుకని మా ఆయన ఒక ఘనమైన ఉపాయం కనిపెట్టాడు. నీళ్లు తాగడం మానేశాడు. తాగకపోతే దిగాల్సిన అవసరమే రాదు కదా!

ఆ ఉపాయం ఎంత చక్కగా పనిచేసిందంటే, కొన్నాళ్లకు ఇంట్లో కూడా ఆయనకు మరుగుదొడ్డితో పని లేకుండా పోయింది. వెళ్లినా, పేపరు మొదటి పేజీ నుంచి ఆటల పేజీ దాకా చదివి, లోకజ్ఞానం పెంచుకుని, పొట్ట మాత్రం ఎలా తీసుకెళ్లాడో అలాగే పట్టుకుని బయటికొచ్చేవాడు.

మలబద్ధకం ఒక మనిషికి వచ్చే బాధ అంటారు. అబద్ధం. అది ఇంటిల్లిపాదికీ వస్తుంది. కుర్చీ కిర్రుమంటే కోపం, టీవీ పెడితే కోపం. నేను ఇంట్లో కర్టెన్లు కుడతాను. మిషను చప్పుడు చేస్తోందని దానిమీదా కోపం. మిషను చప్పుడు చెయ్యక జోలపాడుతుందా?

బతిమాలి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ పొట్ట నొక్కి చూసి, "నీళ్లు ఏమాత్రం తాగుతారు?" అని అడిగింది. మా ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"నీళ్లు తాగండి. పళ్లు, కూరగాయలు, పీచు ఉండేవి కొద్దికొద్దిగా పెంచండి. పొట్టని ఎవరూ ప్రత్యేకంగా కడగక్కర్లేదు. దాని పని దాన్ని చేసుకోనివ్వండి, చాలు" అంది.

మెట్లు దిగుతూనే మా ఆయన మండిపడ్డాడు. "ఇంత దూరమొస్తే నీళ్లు తాగమంటుందా? మందు రాయడం కూడా రాదు!"

సరిగ్గా ఆ వారమే మా తమ్ముడు ఊడిపడ్డాడు. వాడు చెయ్యని పని లేదు. చేపల తొట్లు అమ్మాడు, ఫొటోలు తీశాడు, కొన్నాళ్లు కుక్కలకు క్రమశిక్షణ నేర్పాడు. వాటిలో ఒకటి తిరిగి వీడికే నేర్పింది. ఇప్పుడు ఫోనులో వీడియోలు చూసి దేహశుద్ధి నిపుణుడయ్యాడు.

"బావా, నీ ఒళ్లంతా విషం" అన్నాడు, సూట్‌కేసు కింద పెట్టకుండానే.

మా ఆయన మొహం వెలిగిపోయింది. డాక్టరమ్మ నీళ్లు తక్కువన్నది, వీడు విషమన్నాడు. రెండిట్లో ఏది గౌరవంగా ఉందో మీరే చెప్పండి.

"భయపడకు బావా. నాది సున్నితమైన పద్ధతి. మందూ మాకూ ఏమీ ఉండదు, అంతా తిండితోనే."

న్యాయంగా చెప్పాలంటే వాడు చెప్పినవాటిలో తప్పేమీ లేదు. పొద్దున గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, నానబెట్టిన అవిసె గింజలు ఒక చెంచా, మధ్యాహ్నం దోసకాయ పుదీనా రసం, సాయంత్రం కాసిని ఎండు ఆల్బుకరాలు, రాత్రికి క్యాబేజీ, క్యారెట్ సూపు. డాక్టరమ్మ చెప్పిందీ ఇంచుమించు ఇదే. కాకపోతే వీడు కళ్లు మూసుకుని చెప్పాడు.

"అన్నీ ఒకేసారి వద్దు బావా. ఈ వారం ఒకటి, పై వారం ఇంకోటి. పొట్టకి అలవాటవ్వాలి."

"మంచివే అయినప్పుడు అన్నీ ఒకేసారి తింటే పోలా?" అన్నాడు మా ఆయన. టన్నులకొద్దీ ఇనుము ఎత్తే మనిషికి చెంచాల భాష ఎక్కదు.

ఆదివారమంతా ఆయన శుద్ధి అయ్యాడు. గింజలు గ్లాసుతో, ఆల్బుకరాలు గిన్నెతో, సూపు ఏకంగా కుండతో. మా తమ్ముడు పక్కనే కూర్చుని వేయించిన గుడ్లు తింటూ ధైర్యం చెప్పాడు.

"నువ్వు తాగవేంరా?" అన్నాను.

"నేను ఆల్రెడీ శుద్ధమే అక్కా" అన్నాడు నిండు నోటితో.

సాయంత్రమైనా ఏ కదలికా లేదు. "పనిచెయ్యట్లేదు" అని మా ఆయన ఇంకో గ్లాసు పోసుకున్నాడు.

"ఏవండీ, కాస్త ఆగండి. అదేమన్నా లిఫ్టా, మీట నొక్కగానే కదలడానికి?"

"నీకు సైన్సు తెలీదు" అన్నాడు. నిజమే, నాకు కర్టెన్లే తెలుసు.

సోమవారం పొద్దున బావా బావమరుదులిద్దరూ కలిసే వెళ్లారు. పని మొదలయ్యే ముందు కూలీలకు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పిస్తానని మా ఆయన సూపర్‌వైజరును ఒప్పించాడు. మా తమ్ముడు పెద్ద జగ్గు నిండా రసం పట్టుకెళ్లాడు. కూలీలు తెలివైనవాళ్లు. "ముందు నువ్వు తాగు" అన్నారు. పరువు పోతుందని జగ్గంతా వాడే తాగాడు. వాళ్లు చప్పట్లు కొట్టి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరిగింది సిగ్నల్‌మన్ చెప్పాడు. కింద నిలబడి వాకీటాకీ సెట్‌లో మా ఆయనకు దారి చెప్పేది అతనే. మర్నాడు పనిగట్టుకుని ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు. రెండోసారి నటించి చూపించాడు.

ఇనుప కట్ట సగం ఎత్తులో ఉండగా సెట్‌లో మా ఆయన గొంతు వినిపించిందట.

"నేను దిగాలి."

"ఇప్పుడేగా ఎక్కావు?" అన్నాడు సూపర్‌వైజరు.

"దిగాలి సార్."

"లోడు గాల్లో ఉందయ్యా! ముందది దించు. ఏమైంది, గాలి ఎక్కువుందా?"

"గాలే సార్. లోపల."

సెట్ పట్టుకున్న ప్రతివాడూ విన్నాడు. అంత సున్నితంగా లోడు దించడం తన జన్మలో చూడలేదన్నాడు సిగ్నల్‌మన్. ఏ కడ్డీ ఇంకో కడ్డీకి తగిలిన చప్పుడైనా రాలేదట. మా తమ్ముడు వారమంతా మొత్తుకున్న ఆ సున్నితమేదో చివరికి మా ఆయనకు అక్కడ ఒంటబట్టింది.

నిచ్చెన దిగి, మోకాళ్లు దూరం కాకుండా నడుచుకుంటూ గేటు దగ్గరున్న మరుగుదొడ్డికి చేరాడు. తలుపు వేసి ఉంది. దబదబా బాదాడు.

"ఎవరూ?" లోపలి నుంచి నీరసంగా మా తమ్ముడి గొంతు.

"ఒరేయ్! బయటికి రారా!"

"రాలేను బావా. శుద్ధి జరుగుతోంది."

"నువ్వు రా, నీకు నేను చేస్తా అసలైన దేహశుద్ధి!"

"అందుకే రాలేనంటున్నా."

మా ఆయన తిన్నగా ఆఫీసు గదిలోకి నడిచాడు. అక్కడ ఇంజినీర్లు బల్ల మీద నక్షా పరిచి మీటింగు పెట్టుకున్నారు. వాళ్ల మధ్య నుంచే వెళ్లి, ఆఫీసర్ల బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాడు.

కాసేపటికి సూపర్‌వైజరు వచ్చి తలుపు కొట్టాడు. "ఇంకా ఎంతసేపయ్యా? కింద పని ఆగిపోయింది!"

అంతే, ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. మాటల సంగతే చెబుతున్నాను. "ఆగనీ! గుక్కెడు నీళ్లు తాగనిచ్చావా ఎప్పుడైనా? దిగితే మొహం మాడ్చుకుంటావు! నువ్వెక్కి కూర్చో ఒక పూట, తెలుస్తుంది!" అంటూ ఎత్తుకున్నాడు. నడుముకున్న సెట్ మీట ఎక్కడో నొక్కుకుపోయింది. ఆ ఉపన్యాసం, దానికి తోడు వాద్యసహకారం, సైటు మొత్తానికి స్పష్టంగా వినిపించాయి.

మీటింగులో ఉన్న పెద్ద ఇంజినీరమ్మ తన చేతిలోని సెట్ గొంతు తగ్గించింది. "క్రేన్ మీద కూర్చునేవాడి కష్టం ఇన్నాళ్లకు తెలిసింది. ఇంత వివరంగా తెలియకపోయినా బాగుండేది" అందట. మర్నాటి నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా ఆయన దిగేలా, ఆ కాసేపు ఇంకో ఆపరేటరు ఎక్కేలా ఏర్పాటు చేసింది. సూపర్‌వైజరు మొహం ఎలా పెట్టుకున్నా పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు.

మా తమ్ముడు రెండు రోజులు సోఫాలో పడుకుని, నేనిచ్చిన ఉప్పు పంచదార నీళ్లు తాగి లేచాడు. ఇప్పుడు నిద్ర మీద సలహాలిస్తున్నాడు. ఆ విద్యలో మాత్రం వాడికి చిన్నప్పటి నుంచీ అనుభవముంది.

మా ఆయనకు నేను అవే గింజలు చెంచాతో మొదలుపెట్టాను. పొట్ట ఒప్పుకున్నాక ఒక పండు, ఆ తర్వాత సూపు. నీళ్ల సీసా ఆయనే పట్టుకెళుతున్నాడు. కుర్చీ కిర్రుమంటే ఇప్పుడు లేచి నూనె వేస్తున్నాడు. కింది వాటా ఆయన పొట్ట ఉబ్బరమంటే, "కొద్దికొద్దిగా పెంచాలండీ, అదీ కిటుకు. నేను కనిపెట్టాను" అని చెబుతుండగా నా చెవులతో విన్నాను.

భోజనాలయ్యాక ఇద్దరం వీధి చివరిదాకా నడిచొస్తున్నాం. మొన్న అలా నడుస్తూ ఉన్నట్టుండి, "అవునూ, నీ పొట్ట ఎలా ఉంటుంది?" అని అడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకూ ఒక పొట్ట ఉందని ఆయనకు తోచడం అదే మొదలు.

"బాగానే ఉంటుంది" అన్నాను.

"ఎలాగ? నువ్వేం తింటావు?"

"మీరు ప్లేటు పక్కకి తీసి పారేసే కూరముక్కలన్నీ" అన్నాను.

ఆయన ఈ సంగతి ఇన్నాళ్లూ చెప్పకపోవడం ఏమన్నా పద్ధతా అని నన్నే కోప్పడ్డాడు.