మెట్టుకో వయసు

మా వీధిలో నాకంటే పెద్దవాడు లేడు. ఎనభై అయిదేళ్ళు నాకు. నూలు మిల్లు చిమ్నీకి పునాది తవ్విన రోజు మొదటి గంప మట్టి ఎత్తింది నేనే. ఆ మట్టిలో ఓ పాము కనబడితే, "ఇక్కడ మిల్లు వస్తుంది, ఆ మోతకి నీ చెవులు పోతాయి, వేరే చోటు చూసుకో" అని నచ్చజెప్పి పంపించాను. పాముకి చెవులుండవని తర్వాతెవరో అన్నారు. అయినా వెళ్ళింది.

ఈ ముక్క ఇక్కడ పెట్టుకోండి. దీంతో తర్వాత పనుంది.

మిల్లు ఎప్పుడో మూతపడింది. వయసులో ఉన్నవాళ్ళు పనులు వెతుక్కుంటూ పోగా వీధిలో మిగిలింది నూట పన్నెండు మందిమి. అందులో నలభై ముగ్గురం అరవై దాటినవాళ్ళం. వీధి మొదట్లో బస్సు ఆగుతుంది. ఆ బస్సే ఆస్పత్రికి పోతుంది. మా చెల్లెమ్మ వారానికి మూడుసార్లు వాళ్ళాయన్ని ఎక్కించుకుని, రక్తం శుభ్రం చేయించుకుని తీసుకొస్తుంది. మిల్లులో ముప్ఫై ఏళ్ళు నూలు చుట్టే కండెలు మార్చింది కాబట్టి ఊరంతా ఆమెని కండెలక్క అంటారు. నేనొక్కణ్ణే చెల్లెమ్మా అంటాను, పెద్దవాణ్ణి కదా. వాళ్ళాయన నాకు బావ. వరస కలిశాక వేళాకోళం ఊరికే వస్తుంది.

జనాభా లెక్కల మనిషి వచ్చాడు మండే ఎండలో. పాపం, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. "ఇంటింటికీ తిరిగి కాళ్ళెందుకు అరగదీసుకుంటావు నాయనా, ఇలా నీడన కూర్చో, అందరి వయసులూ నా నాలుక మీదున్నాయి" అన్నాను. దర్జీకి అరవై, తాళాలాయనకి అరవై అయిదు, చెల్లెమ్మకి డెబ్భై, బావకి డెబ్భై అయిదు, పాత ఫోర్‌మన్‌కి ఎనభై, నాకు ఎనభై అయిదు. రెండు టీలు తాగేలోపు వీధి అయిపోయింది. దండం పెట్టి మరీ వెళ్ళాడు.

ఏడాది తిరిగాక బస్సు డ్రైవరు మెల్లగా చెప్పాడు. "వచ్చే నెల నుంచి ఇక్కడ ఆపకూడదంట తాతా. కొత్త జనాభా లెక్కల్లో మీ వీధిలో ముసలివాళ్ళు సరిపడా లేరంట. పైన కాలేజీ దగ్గర ఆపాలంట."

కాలేజీ గుట్ట మీదుంది. మా వీధి నుంచి పైకి ఎనభై నాలుగు మెట్లు.

చెల్లెమ్మ బావ కాళ్ళకేసి చూసింది, మెట్లకేసి చూసింది. మర్నాడు పొద్దున్నే లెక్కల ఆఫీసుకి బయల్దేరింది. తోడు నేను.

అక్కడో అమ్మాయి జిల్లా జనాభా పుస్తకం తీసి మా వీధి పేజీ చూపించింది. ఇంకా అచ్చు కాని ప్రతి. ఏ వయసువాళ్ళు ఎందరో నిలువు గీతలు గీశారు. అరవై దగ్గర తాడిచెట్టంత గీత, ఆ పక్క నాలుగేళ్ళు ఖాళీ. అరవై అయిదు దగ్గర మళ్ళీ తాడిచెట్టు, మళ్ళీ ఖాళీ. పళ్ళూడిన దువ్వెనలా ఉంది.

"మీ వీధిలో అరవై రెండేళ్ళవాళ్ళు పుట్టనే లేదా తాతగారూ?" అందా పిల్ల. "వయసులు ఇలా సున్నాలూ అయిదులే ఉంటే నమ్మరు. ఇవి కొట్టేసి జిల్లా సగటు వేస్తారు. నూటికి తొమ్మిది మంది ముసలివాళ్ళు. అంటే మీ వీధికి పది మంది. ముప్ఫై మంది లేనిదే బస్సు ఉంచరు."

"మిగతా ముప్ఫై ముగ్గుర్నీ ఎక్కడ పాతిపెట్టారమ్మా?" అంది చెల్లెమ్మ.

ఆ పిల్ల తలొంచుకుంది. "అభ్యంతరం చెప్పుకోడానికి పదిహేను రోజులుంది. పుట్టిన కాగితాలు తెండి."

కాగితాలా. మాలో సగం మంది పుట్టామని చెప్పడానికి మేమే సాక్ష్యం.

చెల్లెమ్మ నన్ను వెనకే వదిలేసి గబగబా నడిచింది. వీధిలోకి రాగానే అందర్నీ పిలిచి, "ఈయనగారి నాలుక మీద కూర్చుని మనం సున్నాల్లా గుండ్రంగా అయిపోయాం" అని జరిగింది చెప్పింది. "కాగితాలు లేకపోతే పోనీ, పిలుపులున్నాయి. నేను దర్జీని తమ్ముడూ అంటాను. వాడు తాళాలాయన్ని అన్నా అంటాడు. ఎవరు ముందో ఎవరు వెనకో మన నోటికి తెలుసు. ఎంత ముందో మిల్లు చెబుతుంది. బాయిలరు పేలిన ఏడు, గోదాములోకి వరద వచ్చిన ఏడు, సమ్మె జరిగిన ఏడు. నిలబడండి వరసగా."

మూడు రోజులు పట్టింది. అరవై రెండు, అరవై ఏడు, డెబ్భై ఒకటి... ఎక్కడెక్కడి అంకెలో బయటపడ్డాయి. ఇద్దరు తోడికోడళ్ళు ఎవరు పెద్దో తేలక పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాదించుకుని, ఇద్దరూ చిన్నవాళ్ళమే అన్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నేను ముందే వరస మొదట్లో నిలబడ్డాను.

నాలుగో రోజు నలభై ముగ్గురం ఆఫీసు మెట్లెక్కాం. మెట్టుకొకరం, వయసు వరసలో. పై మెట్టు మీద నేను, అన్నిటికన్నా కింద దర్జీ. కింద నుంచి పైకి ఎవరొచ్చినా మా వయసులన్నీ దాటుకు రావాలి.

పెద్దాఫీసరు వచ్చాడు. "ఏంటిది? దారి వదలండి."

"లెక్కపెట్టుకోండి, వదులుతాం" అంది చెల్లెమ్మ కింద నుంచి.

"మీరు చెప్పిందే కదా మావాడు రాసుకున్నాడు."

"మేం చెప్పలేదు. ఒకాయన చెప్పాడు. ఇప్పుడు మేం చెబుతున్నాం."

పెద్దాఫీసరు నా వైపు తిరిగాడు. మెట్ల పక్క కిటికీలోంచి మా చిమ్నీ కనబడుతుంది. దాని ఒంటి మీద కట్టిన సంవత్సరం ఇటుకలతో పేర్చి ఉంది. "అది కట్టి డెబ్భై రెండేళ్ళు. అప్పుడు మీకెన్నేళ్ళు తాతగారూ?"

"పదమూడు. మొదటి గంప మట్టి..."

"అన్నయ్యా" అంది చెల్లెమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇక చాలు. బాబూ, చిమ్నీ మొదటిసారి పొగ వదిలిన పొద్దున పుట్టాడీయన. వాళ్ళమ్మకి నీళ్ళు కాస్తూ గుడ్డలో చుట్టిన ఈయన్ని నా ఒళ్ళో పెట్టారు. నాకప్పుడు అయిదేళ్ళు."

ఆ లెక్కలమ్మాయి వేళ్ళు మడిచింది. పెద్దాఫీసరు పుస్తకం తిప్పాడు. "అయిదేళ్ళా? అంటే మీకు డెబ్భై ఏడు. ఇక్కడ డెబ్భై అని ఉంది. నిన్న అబద్ధం చెప్పినవాళ్ళు ఇవాళ నిజం చెబుతున్నారని నేనెలా నమ్మాలి?"

తన అసలు వయసు బయటపడకూడదనే ఆమె యాభై ఏళ్ళుగా నన్ను అన్నయ్యా అంది. నేనూ అందుకే పలికాను. నా అబద్ధానికి ఆమె అబద్ధం కాపలా, ఆమెదానికి నాది.

"అబద్ధం లాభానికి చెబుతారు బాబూ" అంది. "పెళ్ళినాడు చెప్పాను, ఆయనకంటే నాలుగేళ్ళు చిన్నదాన్నని. లాభానికే. ఇవాళ ఊరందరి ముందు, నా మొగుడి ముందు, ఆయనకంటే మూడేళ్ళు పెద్దదాన్నని చెబుతున్నాను. ఇందులో నాకేం లాభమో కనిపెట్టి రాసుకో. కనబడకపోతే నలభై మూడని రాసుకో."

ఆమె తన మెట్టు వదిలి పైకి నడిచింది. బావ నిలబడ్డ మెట్టు దాటుతుంటే ఆయన రెయిలింగు పట్టుకుని, "పెద్దవాణ్ణి, నా మాట వినమని యాభై ఏళ్ళుగా అన్నానే" అన్నాడు.

"విన్నానా?"

"లేదనుకో."

"మరింకేం." రెండు మెట్లు పైకెక్కి నిలబడింది.

అందరూ నాకేసి చూశారు. దిగాను. మెట్టుకో మాట తగిలింది. "జాగ్రత్త తమ్ముడూ" అన్నాడు ఫోర్‌మన్. "పాము ఉంటుంది చూసుకో" అంది తోడికోడళ్ళలో ఒకావిడ. కండెలక్క పక్కనుంచి వెళ్తూ ఆగాను. "దారివ్వక్కా" అన్నాను. నోరు తిరగలేదు, రెండోసారి అనాల్సొచ్చింది. పైనుంచి పందొమ్మిదో మెట్టు మీద నా చోటు దొరికింది.

ఆ పిల్ల కింది మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టింది. పెద్దాఫీసరు కాసేపు చూసి, మా మధ్యలోంచే వంగి వంగి తన గదిలోకి పోయాడు. సాయంత్రానికి నలభై మూడు పేర్లు, నలభై మూడు వయసులు, ఎదురుగా ఏ ఏడు ఏం జరిగిందో. పుస్తకం అచ్చయినప్పుడు మా పేజీలో దువ్వెనకి పళ్ళొచ్చాయి. బస్సు ఇప్పటికీ వీధి మొదట్లోనే ఆగుతుంది. ఎక్కేటప్పుడు బావ "ముందు పెద్దవాళ్ళు" అని పక్కకి తప్పుకుంటాడు. అక్క ఆయన్ని ఒక్క తోపు తోసి ఎక్కిస్తుంది.

కాబట్టి నాకు డెబ్భై రెండు. ఎనభై అయిదని మొదట అన్నది మర్చిపోండి. పాముని పంపింది మా నాన్న అనుకోండి.

మిగతాదంతా జరిగిందే. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. గుట్ట మెట్లు ఎనభై నాలుగు కాదు, సరిగ్గా ఎనభై. కానీ సున్నాతో ముగిసే అంకె నా నోట్లోంచి వస్తే ఇక ఎవరు నమ్ముతారు చెప్పండి?