మగ్గంగుంటలో నీడ

మనిషికి యావజ్జీవం పడితే అతని నీడకు కూడా పడ్డట్టేనా? జవాబు చెప్పే ధైర్యం ఉన్నోళ్ళు చెప్పండి.

పోచంపల్లి దగ్గరి ఒక సాలెవాడలో యాదలక్ష్మి కోడికూతకే లేచి వాకిలి ఊడ్చేది. అత్త సావిత్రమ్మకు గటక తాగించి రంగుకుండల ముందు కూర్చునేది. ఆమె వెనక, మగ్గంగుంటలో, పెనిమిటి నీడ నేస్తుండేది. పదకొండేండ్ల కింద దొర గుమాస్తా హత్య కేసులో లక్ష్మీనర్సయ్యను సగం చీర మీద నుంచే పట్టుకపోయిన్రు. మగ్గం మీది పడుగును నడుమ కోయడం ఆ వాడలో ఎవ్వరూ చేయరు. చీర అయిపోతే కొత్త పడుగును పాత పోగుల కొసలకే అతికేది యాదలక్ష్మి. నీడ అట్లనే ఉండిపోయింది. "బావ నేత ఈమధ్య జర వదులైందే!" అని పక్కింటోళ్ళు వంకలు కూడా పెట్టేటోళ్ళు.

మాఘమాసంలో సావిత్రమ్మ మంచం పట్టింది.

"నా కొడుకు చెయ్యి పట్టుకోవాలె బిడ్డా. నీడ చెయ్యి సల్లగుంటది."

పెరోల్ మీద పదిహేను దినాలు పంపమని అర్జీ పెట్టిన్రు. విచారణకు వచ్చిన పోలీస్ పటేలు రఘుపతి గుంటలోకి తొంగిచూసిండు.

"గీ మగ్గం ఎవరు నేస్తున్నరు?"

"ఆయననే," అంది యాదలక్ష్మి, ఎప్పటిలాగే గర్వంగా.

"ఇంకేంది మరి! ఇంట్ల మొగదిక్కు ఉండనే ఉన్నది."

అదే రాసిండు. అర్జీ తిరిగొచ్చింది.

"కోసెయ్యి," అంది సావిత్రమ్మ.

"పడుగు నడుమన కోస్తే ఇంటికి కీడు, అత్తా!"

"నాకంటే ముందు ఎవరికొస్తది కీడు? కోసెయ్యి."

మిట్టమధ్యాహ్నం యాదలక్ష్మి కత్తెర ఆడించింది. పోగులన్నీ ఒక్కపెట్టున వెనక్కి ముడుచుకున్నయి. నీడ గుంటలోంచి లేచింది, ముసలమ్మ కాళ్ళు తాకింది, బస్సు బాట పట్టి పోయింది. ఎదురొచ్చినోళ్ళు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిన్రు.

రెండో అర్జీకి పటేలు మళ్ళీ వచ్చిండు. గుంట ఖాళీ. రాయక తప్పలేదు.

లక్ష్మీనర్సయ్యను జవాన్లు తెచ్చి దించిన్రు. పదిహేనోనాడు మళ్ళొస్తమన్నరు. తొమ్మిదోనాడు సావిత్రమ్మ కొడుకు చెయ్యి పట్టుకునే కన్నుమూసింది. పాడె మోస్తుంటే ఎండలో అందరి నీడలూ పడ్డయి, అతనిది తప్ప.

పదిహేనోనాడు మూట కట్టుకొని గడపలో కూర్చున్నడు. ఎవ్వరూ రాలేదు. పదహారోనాడూ రాలేదు. అదే జైలు నుంచి విడుదలైన ఐలేశం వచ్చి చెప్పిండు:

"నిన్ను తీస్కపోను ఎవరొస్తరన్నా? నువ్వు ఆడనే ఉన్నవు గద! పొద్దుగాల తలకాయలు లెక్కపెడుతుంటే నీ నీడ గోడకు నిలబడుతాంది. లెక్క సరిపోతాంది."

యాదలక్ష్మి నవ్వబోయి ఆకాశం దిక్కు చూసింది.

వానలు తెచ్చే మృగశిర కార్తె ఇంక వారం దినాలే. మబ్బు కమ్మిన పొద్దు ఆ గోడ మీద ఎవ్వరూ ఉండరు. లెక్కలో ఒకడు తగ్గుతడు, జీపు ఈ వాడకు మలుగుతది. లక్ష్మీనర్సయ్యను పూర్తిగా విడిచిపెట్టమనే అర్జీ యాదలక్ష్మి అరుగు మీద, పోగు నేసే నాడె బరువు కింద ఉంది. లేవండి. పోయి దాని మీద మీ పేరు రాయండి, ఎండ ఉండంగనే.